పెదవి దాటిన పాట

స్నానాలగదిలోంచి మళ్ళీ అదే కూనిరాగం.

ఇస్త్రీ చేస్తున్న మంద్రమ్మ చెయ్యి చొక్కా కాలరు మీద ఆగిపోయింది. ఇంకొక్క క్షణం అలాగే ఉంటే చొక్కా మాడేది. చటుక్కున ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టింది గానీ, చూపు మాత్రం ఆ తలుపు మీదనుంచి తిప్పుకోలేకపోయింది.

లోపల భర్త నీళ్ళు పోసుకుంటూ, చెంబు చప్పుడుకు తాళం కలుపుకుంటూ హాయిగా పాడుకుంటున్నాడు. మాటల్లేవు, ఒట్టి రాగం. మాటలు అతనికింకా తెలియవు. కొన్నాళ్ళుగా వీధి వీధంతా ఈ రాగమే పట్టుకుని ఊగుతోంది. సినిమావాళ్ళు ఫోన్లలోకి వదిలిన ప్రచారం ముక్కలో రాగం ఒక్కటే ఉంచి, మాటలు దాచారు. అవి ఈ సాయంత్రం కమ్యూనిటీ హాల్లో, తెరమీద, అందరి ముందూ బయటపడతాయి.

ఆ మాటలు అతని గురించినవే. లోకంలో ఒక్క పెళ్ళానికి తప్ప ఇంకెవరికీ చెప్పుకోని సంగతి గురించి. ఆ పెళ్ళామే దాన్ని పాట కట్టి పాడింది. నిన్న సినిమావాళ్ళ గదిలో ఆ పాట తెరమీద చూసినప్పటినుంచీ మంద్రమ్మకు తిండి సహించలేదు, కంటిమీద కునుకు లేదు.

"మావాడి గొంతూ బాగానే ఉందే," అంది కుర్చీలో కూర్చుని మోకాళ్ళకు మందు రాసుకుంటున్న అత్తగారు. "వాణ్ణి కూడా సినిమాలో పెట్టాల్సిందమ్మాయ్."

పెట్టేశారత్తయ్యా, అని మంద్రమ్మ అనలేదు. ఇస్త్రీ అయిన చోటే మళ్ళీ ఇస్త్రీ చేసింది.

బృందగానంలో కింది స్వరం ఆమెది. అందుకే అక్కడందరూ మంద్రమ్మ అనేవాళ్ళు. ఆ పేరు వీధి దాటి ఇంట్లోకొచ్చి, చివరికి అత్తగారి నోట్లో కూడా స్థిరపడింది. ఆ బృందం మీదే ఇప్పుడు సినిమా తీశారు. నవ్వుల సినిమా, పాటల సినిమా. బేకరీ అక్క, పోస్టాఫీసు బాబాయి, పాటల మాస్టారు, అందరూ ఎవరి వేషం వాళ్ళే వేసుకున్నారు. వీధిలో సగంమంది తెరమీద ఉంటే, మిగతా సగం వాళ్ళను చూసి నవ్వడానికి కాచుకుని కూర్చున్నారు.

తువ్వాలుతో తల తుడుచుకుంటూ భర్త బయటికొచ్చాడు.

"అయిందా చొక్కా? సాయంత్రానికి తళతళలాడాలి. మా మేనేజరుగారు కుటుంబంతో వస్తున్నారు."

"మీ మేనేజరెందుకండీ మధ్యలో?"

"ఎందుకేమిటి? మా ఆవిడ సినిమా! నేను లిఫ్టులు చూసే బిల్డింగులవాళ్ళందరికీ చెప్పేశాను. ముందువరస మొత్తం మనవాళ్ళే."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మంద్రమ్మ చొక్కా చేతికిచ్చి, ముఖం కిటికీవైపు తిప్పుకుంది.

అతను లిఫ్టు మెకానిక్కు. ఆ చుట్టుపక్కల లిఫ్టు ఆగిపోతే జనం ముందు దేవుణ్ణి, తరవాత అతన్ని తలుచుకుంటారు. దేవుడు ఆలస్యం చేసినా అతను చెయ్యడు. వాళ్ళ కంపెనీలో ఒక కట్టుబాటుంది. లిఫ్టు బాగుచేసినవాడే ముందు తానెక్కి, చివరి అంతస్తుదాకా వెళ్ళి రావాలి. ఆ తరవాతే జనం ఎక్కాలి. కిందటేడు ఒక పాత బిల్డింగులో అలా ఎక్కినప్పుడే రెండు అంతస్తుల మధ్య, చీకట్లో, ఒంటరిగా ఇరుక్కుపోయాడు. బయటికి తీసేసరికి మనిషికి మాట రాలేదు.

ఆ తరవాతా పని మానలేదు. పైన మోటారు గదిలో చెయ్యాల్సిందంతా చేస్తాడు, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ లిఫ్టులోకి అడుగుపెట్టలేడు. తలుపు మూసుకుంటుందని తలుచుకుంటేనే చెమటలు పడతాయి. పనిముట్ల సంచి లోపల పెట్టి ఉత్త లిఫ్టును పైకీ కిందికీ తిప్పుతాడు. తను మెట్లెక్కి పోయి, మెట్లు దిగి వస్తాడు. ఎక్కి చూశానని చెబుతాడు. ఒకనాడు భోజనం ముందు కూర్చుని, తినలేక కంచం పక్కకు జరిపి, "నాకు భయమే. నీకు తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే నేను బతకలేను," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని కళ్ళలోకి చూడలేక మంద్రమ్మ కంచం తీసి కడిగేసింది.

"ఏమండీ," అంది ఇప్పుడు. "మీరివాళ రాకపోతే ఏం?"

పనికెళ్ళే చొక్కా గుండీలు పెట్టుకుంటున్న చేతులు ఆగాయి. "ఏమన్నావ్?"

"అదేం గొప్ప సినిమా కాదండీ. నేను కనపడేది కూడా కాసేపే."

"కాసేపైనా చాలు."

"మీరు ఎదురుగా ఉంటే నాకు పాడాలంటే భయం."

అతను నవ్వేశాడు. "ఇన్నేళ్ళు వంటింట్లో నా ఎదురుగానే పాడావు. అప్పుడు లేని భయం ఇప్పుడెక్కణ్ణుంచొచ్చిందే?"

"రావద్దంటున్నాను. వినిపించడం లేదా?"

గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అత్తగారు మందు రాసుకోవడం ఆపింది. గోడ గడియారం కూడా పెద్దగా కొట్టుకుంటున్నట్టు అనిపించింది మంద్రమ్మకు.

అతను ఆఖరి గుండీ పెట్టుకున్నాడు. తరవాత మెల్లిగా, "ఓహో," అన్నాడు. తన చేతులు తనే తిప్పి చూసుకున్నాడు. గోళ్ళ చుట్టూ ఎంత తోమినా వదలని గ్రీజు. "సినిమావాళ్ళ మధ్య నేను నీకు నామోషీ. అంతేగా?"

అవునంటే చాలు. అవునంటే అతను రాడు. ఇంట్లో కూర్చుంటాడు, బాధపడతాడు, రేపో మాపో తేరుకుంటాడు. నిజం తెలిసిన బాధ కంటే ఈ అబద్ధపు బాధే మేలు. మంద్రమ్మ నోరు తెరిచింది. అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే చచ్చిపోయింది.

"అయినా వస్తాలే," అన్నాడు అతను. "వెనక వరసలో కూర్చుంటా. నేనెవరో ఎవరికీ చెప్పనక్కర్లేదు."

టీ తాగకుండానే సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మామూలుగా గుమ్మం దిగుతూ ఏదో ఒక పరాచికం ఆడేవాడు. ఇవాళ తలుపు కూడా చప్పుడు కాకుండా వేశాడు.

అత్తగారు కోడల్ని ఎగాదిగా చూసింది. "పెదవి దాటితే పృథ్వి దాటుతుందని మా అమ్మ అనేది. నీ పెదవి దాటిందేమిటో నేనడగను. వాడి చెవిన పడకముందే చక్కబెట్టుకో."

"ఏం లేదత్తయ్యా."

"ఏమీ లేకపోతే ఇస్త్రీ అయిన చొక్కానే మళ్ళీ ఎందుకు ఇస్త్రీ చేశావమ్మాయ్?"

*

కమ్యూనిటీ హాలు నాలుగో అంతస్తులో ఉంది. మంద్రమ్మ వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. కింద వాచ్‌మన్ గోలగోలగా అరుస్తున్నాడు. కుర్చీలు, స్పీకర్లు, తెర బిగించే ఇనప కడ్డీలు అన్నీ ఒక్కసారే లిఫ్టులో కుక్కి పైకి తోస్తున్నారట. "ఇది లిఫ్టా, లారీనా? ఆగిపోతే నన్నడక్కండి!" ఆ అరుపులు వింటూనే మంద్రమ్మ మెట్లెక్కింది. లిఫ్టు ఎక్కాలంటే ఈ మధ్య ఆమెకూ మనసొప్పడం లేదు.

హాల్లో సినిమా అమ్మాయి వైర్ల మధ్య చతికిలబడి కంప్యూటర్ ముందేసుకుని ఉంది. ఈ సినిమా తీసింది ఆ అమ్మాయే. ఊరంతా సినిమా అమ్మాయి అని పిలవడమే గానీ, చూస్తే కాలేజీకి పోయే పిల్లలా ఉంటుంది. పక్కనే పాటల మాస్టారు నిలబడి, మంద్రమ్మను చూడగానే కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టాడు. ఆయనకు తప్పించుకోవాలనిపించినప్పుడల్లా ఆ కళ్ళజోడుకు మరకలు పడతాయి.

"ఆ పాట తీసెయ్యమ్మా," అంది మంద్రమ్మ, ఊపిరి కూడా తీసుకోకుండా. "నిన్న అడిగితే ఆలోచిస్తానన్నావు."

"ఆలోచించాను పిన్నీ. ఆ పాట తీస్తే సినిమాకు నడుం విరిగినట్టే. జనం పడీపడీ నవ్వేది అక్కడే."

"జనం నవ్వితే మా ఇల్లు కూలుతుంది."

"మీ ఆయన పేరు ఎక్కడా లేదుగా?"

"ఈ వీధికి లిఫ్టులు బాగుచేసేవాళ్ళు పదిమందున్నారా?" మంద్రమ్మ ఒక అడుగు దగ్గరికి జరిగింది. "మా ఆయన మేనేజరు వస్తున్నాడు. ఎక్కకుండానే ఎక్కానని చెబుతున్నాడని తెలిస్తే రేపటికి పని ఉండదు. పని పోతే పోయింది, ఇంకోటి వెతుక్కుంటాం. నాకొక్కదానికే చెప్పుకున్నాడమ్మా. నాకొక్కదానికే."

సినిమా అమ్మాయి ముఖం ముడుచుకుంది. "మరి పాడింది మీరే కదా? అందరికంటే గట్టిగా నవ్విందీ మీరే."

ఆ మాట సూటిగా వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది. మంద్రమ్మ పక్కనున్న కుర్చీలో కూలబడింది.

నిజమే. గొంతు విప్పడానికి మాస్టారిదొక పద్ధతి. సాధనకు ముందు ఒక్కొక్కరూ తమ ఇంటి గోల ఏదో ఒకటి, అప్పటికప్పుడు పాట కట్టి పాడాలి. చివరి మాట మిగతావాళ్ళు అందుకుని, ఎవరి స్వరంలో వాళ్ళు కలపాలి. సాధనలో అన్నది గది దాటకూడదని నియమం. బేకరీ అక్క మొగుడి గురక అలాగే పాటైంది. పోస్టాఫీసు బాబాయి వాళ్ళమ్మ దాచుకునే బిస్కెట్ల డబ్బా పాటైంది. ఆ రోజు మంద్రమ్మ మనసు బరువుగా ఉంది. భర్త ఆ సంగతి చెప్పి ఎన్నాళ్ళో కాలేదు. లోపల పెట్టుకోలేక, బయటికి ఏడవలేక, వంతు వచ్చేసరికి నోట్లోంచి అదే వచ్చింది.

ఊరందర్నీ పైకి పంపే మొనగాడమ్మా,
తను మాత్రం మెట్లెక్కే మొగుడమ్మా,
తలుపు మూస్తే దడదడ, తలుపు తీస్తే గడగడ,
సంచినెక్కించి తానెక్కానంటాడమ్మా!

అందరూ విరగబడి నవ్వారు. చివరి మాట అందుకుని అన్ని స్వరాలూ కలిపారు. తనూ నవ్వింది. ఆ నవ్వుతో గుండెలోని రాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టు తేలికైంది. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే ఎక్కువ సిగ్గనిపించేది ఆ తేలికకే. అతని భయాన్ని పదిమందికీ పంచిపెట్టి తను సుఖపడింది.

ఆ గదిలో ఒక మూల కెమెరా ఉంది. ఉందని అందరికీ తెలుసు. కానీ ఆ అమ్మాయి నెలల తరబడి వాళ్ళతోనే కూర్చుని, వాళ్ళతోనే టీ తాగి, గ్లాసులు కూడా కడిగిపెట్టింది. కెమెరా కుర్చీల్లో ఒక కుర్చీ అయిపోయింది.

"సాధనలో అన్నది గది దాటదని మీరే కదా మాస్టారూ అన్నారు," అంది మంద్రమ్మ.

"అన్నానమ్మా." కళ్ళజోడు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు ఆయన. "ఆ అమ్మాయిని మనలో మనిషే అనుకున్నాను. మనలో మనిషికి మన నియమం తెలిసే ఉంటుందనుకున్నాను. చెప్పాలని తట్టలేదు."

"నాకెవరూ చెప్పలేదు," అంది సినిమా అమ్మాయి. కోపం కాదు, బెదురు. "మీరందరూ నవ్వుతుంటే నవ్వులాటే అనుకున్నా పిన్నీ. నిజమని తెలీదు. ఒట్టు."

కింద వాచ్‌మన్ మళ్ళీ అరుస్తున్నాడు. సినిమా అమ్మాయి మంద్రమ్మ ముఖంలోకి చాలాసేపు చూసి, కంప్యూటర్ తనవైపు లాక్కుంది.

"పాట తియ్యలేను. కానీ మాటలు తీసేస్తా. రాగం ఒక్కటే వినిపిస్తుంది. మీ ముఖం కనపడే చోట జనాన్ని చూపిస్తా. ఇవాళ్టికి అంతకంటే నా వల్ల కాదు. బయట హాళ్ళలో విడుదలయ్యేటప్పటి సంగతి తరవాత చూద్దాం."

మంద్రమ్మ ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. ఇవాళ గడిస్తే చాలు. రేపన్నది రేపటికి. ముంచుకొచ్చే వరదలో గడ్డిపరక దొరికినా మనిషి దాన్నే పడవ అనుకుంటాడు.

"బృందంలో అందరికీ చెప్పండి మాస్టారూ," అంది లేస్తూ. "ఆయన ముందు ఎవరూ నోరు జారకూడదు. ఒక్క మాట కూడా."

"ఒక్క మాట కూడా రాదమ్మా. నాదీ పూచీ," అన్నాడు మాస్టారు. ఆయన ఇచ్చిన పూచీ ఆయన నిలబెట్టుకున్నాడు, పాపం. ఒక్క మాట కూడా రాలేదు.

*

సాయంత్రం కింది వరండాలో ఇసకేస్తే రాలనంత జనం. నీలం కండువాలు వేసుకున్న బృందమంతా ఒకపక్క నిలబడి ఉంది. సినిమాకు ముందు వాళ్ళు రెండు పాటలు పాడాలి. మంద్రమ్మ వాళ్ళ మధ్య నిలబడి భర్త కోసం చూస్తోంది.

అతను తల్లిని జాగ్రత్తగా నడిపించుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్వుకున్న తల. మంద్రమ్మను చూసి చిన్నగా తల ఊపాడు, దూరపు చుట్టాన్ని పలకరించినట్టు. వెనక వరసలో కూర్చోవడానికి తయారై వచ్చిన మనిషి.

సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ తల బాదుకుంటూ వచ్చాడు. "చెప్తే వినలేదు! చివరి విడత కుర్చీలేసి మొరాయించేలా చేశారు. లిఫ్టు కదలటం లేదు!"

నాలుగు అంతస్తులు. సగం జనం ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు. గుంపులో కలకలం రేగింది. అంతలో ఎవరో, "మన లిఫ్టాయన ఇక్కడే ఉన్నాడుగా!" అన్నారు. ముఖాలన్నీ వికసించాయి. వాళ్ళ మేనేజరు, పెళ్ళాం పిల్లలతో వచ్చిన పెద్దమనిషి, గర్వంగా అతని భుజం తట్టాడు. "వెళ్ళవయ్యా. మన కంపెనీ పరువు నీ చేతిలో ఉంది."

భర్త ముఖంలో ఉదయంనుంచీ లేని వెలుగొచ్చింది. మోటారు గది అతని రాజ్యం. వాచ్‌మన్ దగ్గరున్న పనిముట్ల సంచి తీసుకుని మెట్లమీద పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఎంతోసేపు పట్టలేదు. పైన ఏదో గరగరమంది, ఆగింది, మళ్ళీ మొదలైంది. ఉత్త లిఫ్టు నెమ్మదిగా కిందికి దిగి, తలుపులు తెరుచుకుంది. లోపల పనిముట్ల సంచి ఒక్కటే కూర్చుని ఉంది.

జనం చప్పట్లు కొట్టారు. అతను మెట్లు దిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"పైకీ కిందికీ తిప్పి చూశానండీ. ఇక ఎక్కచ్చు."

"నువ్వెక్కలేదుగా?" అన్నాడు మేనేజరు, నవ్వుతూనే.

"సంచి పెట్టి తిప్పాను."

"సంచికి ప్రాణముందిటయ్యా? మన పద్ధతి మన వాళ్ళకే తెలియకపోతే ఎలా? ఎక్కు, ఎక్కు. జనం చూస్తున్నారు."

"అమ్మను ఎక్కిస్తాను ముందు. నుంచోలేకపోతోంది."

"నేనెక్కను," అంది అత్తగారు గోడకు ఆనుకుని, వరండా అంతా వినపడేలా. "నా కొడుకు బాగుచేసిన లిఫ్టులో నా కొడుకే ముందెక్కుతాడు. ఊరంతా చెప్పుకునే మాట అది. ఎక్కరా నాన్నా, వీళ్ళందరూ చూడనీ."

కన్నతల్లి ఎంత ప్రేమగా గోతిలోకి తోసిందో ఆమెకు తెలియదు. అతను లిఫ్టువైపు తిరిగాడు. ఇనప గది, లోపల పచ్చటి బల్బు, నేలమీద సంచి. నుదుటిమీద చెమట పట్టడం మంద్రమ్మకు అంత దూరంనుంచీ కనపడింది. ఏదో ఒకటి చెయ్యాలి, కళ్ళు తిరిగినట్టు పడిపోవాలి, అరవాలి.

అతను ఒక్క అడుగు ముందుకేశాడు.

నీలం కండువాలన్నీ ఒక్కసారిగా ఊపిరి పీల్చాయి.

అంతే. మాట లేదు, సైగ లేదు. పాట ఎత్తుకునే ముందు అందరూ కలిసి పీల్చే ఊపిరి అది. ఏళ్ళ తరబడి మాస్టారు నేర్పింది అదే. పాతికమందీ ఒక్క మనిషిలా పీల్చాలి, ఒకే క్షణాన. వాళ్ళు భయపడ్డారు, వాళ్ళకు అలవాటైన పద్ధతిలోనే భయపడ్డారు. వరండా చివరిదాకా వినపడింది. పట్టిన ఊపిరి ఎవరూ వదల్లేదు.

అతను ఆగిపోయాడు. మెల్లిగా వెనక్కి తిరిగి బృందంవైపు చూశాడు. బేకరీ అక్క తల దించుకుంది. పోస్టాఫీసు బాబాయి కండువా సర్దుకున్నాడు. మాస్టారు కళ్ళజోడు తీశాడు. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చి, చివరికి మంద్రమ్మ దగ్గర చూపు నిలిపాడు.

కోపం ఉంటే ఓర్చుకునేది. ఆ ముఖంలో కోపం లేదు. చీకట్లో నడుస్తున్న మనిషి మెట్టు ఉందనుకున్న చోట కాలు పెట్టినప్పటి ముఖం అది.

"నువ్వూ రా," అన్నాడు.

జనానికి ముచ్చటేసింది. "సినిమాతార కదా, పక్కన ఉండాల్సిందే!" అని ఎవరో అన్నారు. మళ్ళీ చప్పట్లు. మంద్రమ్మ నడిచింది. ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. అతను ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది.

తలుపులు మూసుకున్నాయి. చప్పట్లు దూరమయ్యాయి.

అతను గోడకు వీపు ఆనించి, పక్కనున్న కడ్డీ పట్టుకున్నాడు. పళ్ళు బిగపట్టి ఊపిరి తీస్తున్నాడు. లిఫ్టు కదలగానే కళ్ళు మూసుకున్నాడు. ఏడాది తరవాత అతను ఎక్కిన మొదటి లిఫ్టు ఇది. మంద్రమ్మకు అతన్ని పట్టుకోవాలనిపించింది, పట్టుకునే హక్కు ఉందో లేదో తెలియలేదు.

"ఎంతమందికి తెలుసు?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"బృందంలో అందరికీ."

"చెప్పావా?"

అబద్ధానికి ఇక తావు లేదు. "పాడాను."

"సినిమాలో ఉందా?"

"ఉంది. ఇవాళ మాటలు తీసేయించాను. రాగమొక్కటే..."

అతను కళ్ళు తెరిచాడు. రాగమన్న మాటతో అతనికి అంతా అర్థమైపోయింది. తను ఇన్నాళ్ళూ పాడుకున్నదేమిటో, ఉదయం రావద్దని ఎందుకందో.

"మీరు నాకు నామోషీ కాదండీ," అంది మంద్రమ్మ. ఏడుపు తన్నుకొచ్చింది. "ఎప్పుడూ కాదు. అది కాదు. నేను..."

అతను చెయ్యి చాచి ఎర్ర బొత్తాం నొక్కాడు.

లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. రెండో అంతస్తుకూ మూడోదానికీ మధ్య ఎక్కడో. తలుపుల సందులోంచి ఉత్త గోడ కనపడుతోంది. ఆపింది అతనే. ఏ గతి పట్టకూడదని ఏడాదిగా మెట్లెక్కి చస్తున్నాడో, ఆ గతిలోకి తనంతట తానే దిగి కూర్చున్నాడు.

"ఏమిటండీ ఇది? తియ్యండి, చెయ్యి తియ్యండి. మీకు ఊపిరాడదు."

"పాడు."

"ఇక్కడా?"

"వాళ్ళందరూ విన్నారు. నవ్వుకున్నారు కూడానా?"

ఆమె చూపు నేలమీది సంచి మీదికి జారింది. ఆ జవాబు అతనికి చాలు.

"మా మేనేజరు ఇవాళ కాకపోతే ఇంకోరోజు వింటాడు. మా అమ్మ వింటుంది. నేను మాత్రం వినలేదు." అతని దవడలు కొట్టుకుంటున్నాయి, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. చొక్కా కాలరు చెమటతో తడిసి మెడకు అంటుకుంది. "వాళ్ళకు ఎలా పాడావో అలాగే పాడు. ఒక్క మాట తీసెయ్యకు. నేను వినేదాకా ఇది కదలదు."

"వద్దండీ. మీ కాళ్ళ మీద పడతాను."

"పాడు."

కిందనుంచి, లిఫ్టు గోతిలోంచి, అత్తగారి గొంతు సన్నగా వినపడింది. "ఆగిందేమిట్రా? నాన్నా? ఆగిందేమిటి?" దాని వెనకే జనం గోల, ఎవరో మెట్లమీద పరుగెత్తే చప్పుడు. అతని వేలు బొత్తాం మీదే ఉంది.

మంద్రమ్మ పెదవులు తడుపుకుంది. ఆ పాటలో ప్రతి మాటా తెలుసు, ఏ స్వరం మీద ఎత్తుకోవాలో తెలుసు. నవ్వకుండా దాన్ని ఎలా పాడాలో మాత్రం ఆమెకు తెలియలేదు.

"ఊఁ," అన్నాడు అతను, కళ్ళు గట్టిగా మూసుకుని. "మొదలెట్టు."